నేను గీసిన గడ్డం, నేను పెంచిన గడ్డం

ఒకే ఒక్క మంగలికత్తితో మూడు ప్రాణాలు నిలబెట్టిన మనిషి చిత్తూరు జిల్లా మొత్తం మీద నేనొక్కడినే. పెద్ద పెద్ద డాక్టర్లు కోసి ప్రాణాలు పోశారని మీరు వినే ఉంటారు. నేను కోయలేదు. గీశానంతే. నురగ పూసి, చెంప మీద నుంచి కిందికి నాలుగు గీతలు. మూడు ప్రాణాలు.

ఆసుపత్రి కొలువుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎదురైతే నేను ఈ మాటతోనే మొదలుపెడతాను. వాళ్లు నోరు తెరుచుకుని వింటారు, ఒకరిద్దరు కాఫీ కూడా ఇప్పించారు. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కాగితాన్ని మా ఆవిడ కూడా చదువుతుంది. ఆ మూడు ప్రాణాల్లో నా కత్తి వాటా ఎంతో పోను పోను మీకే తెలుస్తుంది.

యుద్ధం నడుస్తున్న రోజులు. చిత్తూరులో ఒక చిన్న ఆసుపత్రిలో నేను డ్రెస్సరును. పుండ్లు కడగడం, కట్లు కట్టడం, కత్తులూ కటార్లూ ఉడకబెట్టడం, ఆపరేషనుకు ముందు మనిషికి ఎక్కడ వెంట్రుకలుంటే అక్కడ గీయడం నా పని. అప్పుడు సబ్బు కరువు, దూది కరువు, స్పిరిటు కరువు. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గు కుంపటి కట్టుకుని నడిచేవి. కరువు లేనిదల్లా నా గొప్పలకే. నా చేతిలో కత్తి పడితే రోగి హాయిగా నిద్రపోతాడని అందరికీ చెప్పుకునేవాడిని. అలా నిద్రపోయినవాడు నిజానికి ఒక్కడే. అతనికి క్లోరోఫారం ముందే ఇచ్చేశారు.

మా మీద ఇద్దరు ఆడవాళ్లు. డాక్టరమ్మది మద్రాసు వైపు. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెద్ద నర్సమ్మది గూడూరు. ఆమెకు ఈ రెండూ ఎక్కువే. వార్డులో ఆమె అటు తిరిగి ఉన్నా సరే, ఇటు మనం బీడీ బయటికి తీస్తే "ఏందబ్బయా అది?" అని అటు నుంచే అడిగేది.

ఒకరోజు పొద్దున పలమనేరు అవతల పల్లె నుంచి ఒక రైతును బస్సులో వేసుకొచ్చారు. కోడె కొమ్ము విసిరితే కుడి దవడ చీలిపోయింది. ఊళ్లోవాళ్లు దాంట్లో పసుపూ సున్నమూ కూరారు. అదంతా ఆయన గడ్డంలో గట్టిపడి, ముఖానికి గోడ కట్టినట్టుంది. గడ్డమంటే మామూలు గడ్డం కాదు. నెలల తరబడి కత్తి చూడని గడ్డం, రొమ్ము దాకా దిగింది. డాక్టరమ్మ చూసి, "గాయం చుట్టూ గీసి, కడిగి తీసుకురా" అని వెళ్లిపోయింది.

నేను కత్తి పట్టుకోగానే ఆయన ఉలిక్కిపడ్డాడు. దవడ కదిలించలేడు కాబట్టి మాట రాదు. "ఊఁ! ఊఁ!" అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నొప్పికి భయపడుతున్నాడనుకున్నాను. "ఏం కాదన్నా, నా చేతిలో పిల్లలు కూడా ఏడవరు" అని చేతులు పక్కకు నెట్టి గీశాను. కుడివైపు అయింది. పని అక్కడితో సరి. కానీ నా లోపల ఒక కళాకారుడు ఉన్నాడు, వాడు ఊరుకోడు కదా. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు కంప చెట్టులా ఉంటే చూడ్డానికి ఏం బాగుంటుందని ఎడమవైపు కూడా గీసేశాను. ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆనందబాష్పాలనుకున్నాను.

ఆ తర్వాత డాక్టరమ్మ కుట్లు వేసింది, నేను తల చుట్టూ దవడ కట్టు కట్టాను. ఎంతో లక్షణంగా ఉన్నాడు మనిషి.

మర్నాడు ఆయన తల్లి, పెళ్లాం వచ్చారు. తల్లి మేకలు కాసి ముదిరిన మనిషి, సన్నగా, నిటారుగా, చేతిలో కర్ర. కోడలు నిండు గర్భిణి. తొలికాన్పు. నేను ఆ మంచం పక్కనే ఉన్నాను, నా పనితనం మెచ్చుకుంటారని. ముసలమ్మ కొడుకు దవడ కట్టు చూడలేదు, కుట్లు చూడలేదు. ఎడమ చెంప చూసింది.

"యాడ వాడు? నా కొడుకు గడ్డం గీకిన పాపిష్టోడు యాడ?"

నేను మాసిన దుప్పట్ల గంప వెనక్కి పోయాను.

"కడుపుతో ఉండే పెండ్లాం నీళ్లాడేదాకా మొగుని మొగానికి కత్తి తగలగూడదని తెలీదా వానికి? వానికి అమ్మ లేదా? అబ్బ లేడా? పెండ్లి గాలేదా?"

పెళ్లి కాలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడు చెప్పడం మంచిది కాదనిపించింది. పెళ్లానికి కాన్పయ్యేదాకా మొగుడు గీసుకోకూడదనే ఆ కట్టడి నాకు తెలియక కాదు, మా వైపు ఎవరికైనా తెలిసిందే. కానీ ఒకరి గడ్డం వెనకాల ఇంకెవరి కడుపో ఉందని గడ్డం చూసి ఎలా చెప్పగలం?

పెద్ద నర్సమ్మ నా చెవి పట్టుకుని గంప వెనక నుంచి బయటికి తెచ్చింది. ముసలమ్మ నన్ను పై నుంచి కిందికి చూసి, "ఒక పక్కన్నా మిగిలిచ్చి ఉంటే సగం దోసమే గదరా! రెండు పక్కలా గీకినావే! నీకు చెప్పిందెవురు?" అంది.

డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "నేను ఒక పక్కే చెప్పానమ్మా" అని వెళ్లిపోయింది. మాట తక్కువని ముందే చెప్పాను కదా.

"ఆ ఎంటికిలన్నా తెచ్చియ్యి. మూటగట్టి దేవుని ముందర పెట్టుకుంటాను" అంది ముసలమ్మ.

వెంట్రుకలు మురికి దూదితో పాటు నిన్ననే కాలిపోయాయి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. వంటశాల వెనకాల మా వంటవాడి నల్లమేక కట్టేసి ఉంది. నేను కట్లు కత్తిరించే కత్తెరతో పోయి, దాని వీపు మీద నుంచి ఒక పిడికెడు తీసి, మంచి తెల్లగుడ్డలో పొట్లం కట్టి, రెండు చేతులతో భక్తిగా అందించాను. ముసలమ్మ పొట్లం విప్పి, ఒక వెంట్రుకను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"పుట్టినకాడి నుంచీ మేకల్లో ఉండాను. ఇది పాలిచ్చే మేక. ఈనింది ఈమధ్యనే. నా కొడుకు గడ్డమని నాకే ఇస్తాండావా?"

వార్డంతా నవ్వింది. కుట్లున్నవాళ్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వనిది ఆ కోడలు ఒక్కతే. మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

ఇక్కడ నేనెప్పుడూ ఇలా చెబుతుంటాను: ఆ పిల్లను ఒక్కసారి చూసి, ఇది మామూలు అలసట కాదని కనిపెట్టి, పరుగున పోయి డాక్టరమ్మకు చెప్పింది నేనే అని. అది కొంచెం సాగదీసిన మాట. కొంచెం కాదు, బాగానే సాగింది. నేను చూసింది ఆ పిల్ల కాలి మెట్టెలను. వెండి మెట్టెలు వేళ్లలోకి కరుచుకుపోయి ఉన్నాయి. ఇంత బిగుతుగా చేసిన కంసాలి ఎవడా అనుకున్నాను. గాజులు కూడా కదలడం లేదు. ముఖం నున్నగా ఉబ్బి, బాగా తిని నిద్రపోయి లేచిన మనిషిలా ఉంది. కలిగినింటి పిల్ల అనుకున్నాను.

"ఏమ్మా, తల తిరుగుతోందా?" అని అడిగాను.

"తలకాయ పగిలిపోతా ఉందన్నా. కండ్ల ముందర మిణుగురులు" అంది.

మిట్టమధ్యాహ్నం మిణుగురులేమిటి! ఎండదెబ్బ అని నా వైద్యం నేను మొదలుపెట్టాను. ఉప్పు దండిగా వేసి చెంబెడు మజ్జిగ కలిపి తెచ్చాను. ఆ పిల్ల చెంబు నోటి దాకా ఎత్తింది. వెనక నుంచి పెద్ద నర్సమ్మ చెయ్యి వచ్చి చెంబు లాక్కుంది.

"ఉప్పేశావా?"

"దండిగా వేశానమ్మా."

ఆమె చెంబు పక్కన పెట్టేసింది. కింద కూర్చుని ఆ పిల్ల కాలి ఎముక మీద బొటనవేలు నొక్కి తీసింది. గుంట పడింది. ఆ గుంట మళ్లీ పూడలేదు. నర్సమ్మ ముఖంలో ఉన్న వెటకారమంతా పోయింది. అది పోగా నేను చూడడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ వచ్చి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. ఆ పిల్ల ఒంటేలు గాజుగొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచమని నాకిచ్చింది. కాచాను. పైభాగం ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. అది చూసి డాక్టరమ్మ గొంతు తగ్గించింది.

"ఈ అమ్మాయిని ఇప్పుడే పడుకోబెట్టాలి. చీకటిగది, ఉప్పులేని తిండి, మందు. ఇంటికి తీసుకుపోతే దారిలోనే మూర్ఛ రావచ్చు. మూర్ఛ వస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

ముసలమ్మ కర్ర నేలకు తాటించింది. "ఈడికి మందుకొచ్చింది నా కొడుకు. నా కోడలు సూసిపోదామని వచ్చింది. సూసిపోను వచ్చినోల్లను గూడా మంచమెక్కిస్తారా ఈడ?"

"కాళ్లు చూడమ్మా, ఎలా ఉబ్బాయో."

"కాళ్లుబ్బితే మగబిడ్డ. నాకు నలుగురు. నలుగురప్పుడూ ఉబ్బినాయి. ఇంగ తలనొప్పంటావా, మిణుగురులంటావా, అది గడ్డం దోసం. ఈయప్ప గీకినాడు, ఆ పిల్లకు తగులుకుండాది. మా ఊర్లో దోసం తీసే పెద్దాయప్ప ఉండాడు. సాయంత్రం బస్సుకు తోలుకపోతాను. దోసం తీసినంక నీ చీకటిగదికి వస్తాము."

ఆ బొగ్గు బస్సు పలమనేరు కొండదారి ఎక్కడమంటే ఏమిటో ఆ కాలంవాళ్లకు తెలుసు. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి తొయ్యాలి. దిగనివాళ్ల నడుములు దిగిపోతాయి.

చివరికి మొగుడిని అడిగారు. మంచం మీద దవడ కట్టుతో ఉన్నాడు పాపం. ఆయన చెయ్యెత్తి కిటికీ వైపు చూపి "ఊఁ ఊఁ" అన్నాడు.

"బస్సుస్టాండు అటే ఉండాది. పొమ్మంటా ఉండాడు" అంది తల్లి.

"ఆడవాళ్ల వార్డు కూడా అటే ఉంది. ఉండమంటున్నాడు" అంది నర్సమ్మ.

ఆయన ఇంకా గట్టిగా "ఊఁ!" అని రెండు చేతులూ ఊపాడు. రెండు పక్షాలూ తమదే గెలుపన్నాయి. కట్టు విప్పిన తర్వాత ఆయన్నే అడిగాను. కిటికీలో కూజా ఉండేది, దాహమై నీళ్లు అడిగాడట.

దోషమా కాదా అన్నది దేవుడెరుగు. కానీ నేను ఎడమ చెంప ముట్టకుండా ఉంటే ముసలమ్మ ఇంత పట్టు పట్టేది కాదు. ఆ పిల్ల బస్సులో కన్నుమూస్తే ఆమె నోట్లో ఉప్పు మజ్జిగ పొయ్యబోయిందీ నేనే, బస్సెక్కడానికి కారణమూ నేనే. పలమనేరు బస్సు డ్రైవరు నాకు తెలిసినవాడు. వాడి కాలిపుండు నేనే మాన్పాను. మాన్పింది కాలం, నేను కట్లు కట్టాను. సరే, వాడి దగ్గరికి పరుగెత్తాను.

"కుంపట్లో బొగ్గు సరిగా అంటుకోలేదని చెప్పి ఈ పూట ఆలస్యం చెయ్యప్పా" అన్నాను.

"దానికి అబద్ధమెందుకు? రోజూ అంతే గదా" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి వార్డులో సద్దు లేదు. కోడలు మూల ఖాళీ మంచం మీద పడుకుని ఉంది. ముసలమ్మ నేల మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గోడ చూస్తోంది. ఆలోచనలో పడింది, ఇదే అదను అనుకున్నాను. ఆమె ముందు నిలబడి, వార్డంతా వినేలా, నాటకాల్లో రాజు వేషంవాడిలా చెయ్యి చాచాను.

"అవ్వా! ఏడుకొండలసామి మీద ఒట్టు. నీ కొడుకు గడ్డం నేను తీశాను. ఆ గడ్డం నేను మోస్తాను. నీ కోడలు నీళ్లాడేదాకా నా ముఖానికి కత్తి తగలదు. దోషం నా నెత్తిన!"

ముసలమ్మ లేచింది. నా గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురులోకి లాగింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఒట్టు సరే. నీకు మొలుస్తాదా?"

చెప్పుకుంటే సిగ్గు, నా ముఖం అప్పుడు మంచి తమలపాకు. వారానికొకసారి గీసుకున్నా అది పేరుకే.

"మొలిపించుకుంటానవ్వా!"

అలా నా ఒట్టుకు ఆమె దిగివచ్చింది. కోడలు చీకటిగదిలో ఉండిపోయింది. ఇదీ నేను దశాబ్దాలుగా చెబుతున్న కథ.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, కోడలికి వైద్యం లోపల, నాకు వైద్యం బయట. లోపల కిటికీలకు దుప్పట్లు కట్టి, నడిచేవాళ్లు చెప్పులు విప్పి నడిచేవారు. బయట ముసలమ్మ పొద్దున్నే నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి గడ్డానికి ఆముదం పట్టించేది. "కరువేడాది జొన్నచేను మాదిరి యాడొకటి యాడొకటి వస్తా ఉండాదే" అని తిట్టుకుంటూ రుద్దేది. మా ఆసుపత్రిలో డ్రెస్సర్లు నున్నగా గీసుకుని రావాలని నియమం. ఆముదం కారుతున్న నా ముఖం చూసి పై నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ఇదేమిటన్నాడు. డాక్టరమ్మ తల ఎత్తకుండానే, "కాన్పు కేసు సార్" అంది. ఆయన నన్ను చాలాసేపు చూసి వెళ్లాడు.

ముసలమ్మ మనిషి మంచిదే, కానీ ఉప్పులేని గంజి కోడలు తాగలేకపోతోందని కొంగు ముడిలో నిమ్మకాయ ఊరగాయ ముక్క దాచి లోపలికి పోబోయింది. నర్సమ్మ ఆమెకు ఎదురుగా కూడా లేదు. "ఏందవ్వా, కొంగు పులుపు వాసనొస్తాంది?" అని అటు తిరిగే అడిగింది. ముక్క నాకు దక్కింది.

ఒక మధ్యాహ్నం మాత్రం నవ్వులు ఆగిపోయాయి. ఆ పిల్ల చేతివేళ్లు వాటంతటవే అదరడం మొదలైంది, కళ్లు పైకి తేలాయి. నర్సమ్మ ఆ పిల్ల నోట్లో గుడ్డ చుట్టిన చెంచా పెట్టింది. డాక్టరమ్మ సూది వేసి, మంచం పక్కన నిలబడి కదల్లేదు. ముసలమ్మ బయట వరండాలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. దోషం మాట ఎత్తలేదు, నన్ను తిట్టలేదు. "పిల్ల మంచిది నాయనా, నాకు ఎదురు చెప్పి ఎరగదు" అని ఒక్కసారి మాత్రం అంది. అదురు తగ్గింది. ఇక ఆగకూడదని డాక్టరమ్మ నొప్పులు తెప్పించింది. పొద్దు వాలకముందే బిడ్డ ఏడ్చింది. అరచేతిలో పట్టేంత బిడ్డ. ఆడపిల్ల.

"కాళ్లుబ్బితే మగబిడ్డ అంటివే అవ్వా?" అన్నాను.

"నువ్వు పెంచిన గడ్డానికి ఇదే ఎక్కువ" అంది ముసలమ్మ, బిడ్డను నాకు చూపించకుండా కొంగులో దాచుకుని. మళ్లీ అటు తిరిగి ముఖం తుడుచుకుంది.

ఒట్టు పెట్టింది ఏడుకొండలసామి మీద కాబట్టి గడ్డం ఆయనకే చెల్లించాలంది ముసలమ్మ. ఆమె చెప్పినట్టే తిరుపతి పోయి కొండెక్కి గడ్డం ఇచ్చి వచ్చాను. కళ్యాణకట్టలో మంగలి నా ముఖం చూసి, "దీనికి కత్తెందుకు సామీ, తువ్వాలుతో తుడిస్తే పోతాది" అన్నాడు.

ఇప్పుడు లెక్క సరిచేస్తాను. మూడు ప్రాణాలన్నాను. మొగుడి ప్రాణానికి అసలు ముప్పే లేదు, ఉన్నది చెంపకు. తల్లి ప్రాణం, బిడ్డ ప్రాణం నర్సమ్మ బొటనవేలూ డాక్టరమ్మ సూదీ కాపాడాయి. నా కత్తి చేసిందల్లా గండం తెచ్చిపెట్టడమే. కాకపోతే, కత్తితో గండం తెచ్చినా, నోటితో ఒట్టు పెట్టి ముసలమ్మను ఆపింది నేను. ఆ ఒక్కటి మాత్రం ఎవరూ నా నుంచి తీసుకోలేరు. పిల్లలూ, రోగికి మందు ఎంత ముఖ్యమో, రోగి ఇంటి పెద్దను ఒప్పించడం అంతకంటే ముఖ్యమని మీకు నేర్పడానికే ఇదంతా రాశాను.

ఇలా రాసి ముగించేశాను. ఆ తర్వాత, పోయిన నెల పలమనేరు వైపు ఒక పెళ్లికి పోతే, అక్కడ ఒక పెద్దామె నన్ను గుర్తుపట్టింది. ఆ కోడలే. మొగుడు పోయి చాలా ఏళ్లయిందట. అరచేతిలో పట్టిన బిడ్డకు ఇప్పుడు మనవలు. నేను ఊరుకుంటానా? పందిట్లో అందరినీ కూర్చోబెట్టి కథంతా చెప్పాను. ఒట్టు ఘట్టంలో చెయ్యి కూడా చాచాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వక్క కొరుకుతూ అంతా విని, అప్పుడు నోరు తెరిచింది.

"నీ ఒట్టుకు మా అత్త ఒప్పుకోలేదప్పా. నువ్వు బస్సాయప్పకాడికి పోయినప్పుడే అయిపాయ ఆ యవ్వారం. నేనే పోయి ఆ మంచం మీద పండుకొనేసినా. 'నేను సస్తే నీ కొడుక్కు ఇంగో పెండ్లాం వస్తాది, నాకు ఇంగో పానం రాదు, నేను లెయ్యను, నువ్వు పో' అనినా. దాంతో ఆయమ్మ నోరు పడిపాయ. అంతలో నువ్వొచ్చి చెయ్యి చాపితివి. కోడలు ఎదురు తిరిగిందని ఊర్లో ఎట్ల చెప్పుకుంటాది ఆయమ్మ? నీ గడ్డం దొరికె, పట్టుకునె. సచ్చేదాకా అదే చెప్పింది అందరికీ. నువ్వూ అదే రాసుకో పో. నాకేమి, నేనైతే బతికే ఉండా."